పల్లకీ పక్క వీధిలో ఆగింది!

2019 జూన్‌ 30, ఆదివారం సాయంత్రం. న్యూయార్క్‌లో ఇంకా ఎండ తగ్గలేదు. ఇక్కడ మనకేమో తేదీ మారిపోయి, సోమవారం తెల్లవారుజాము మూడు దాటింది. అలారం పెట్టుకుని మరీ లేచి, ఇంట్లోవాళ్లకి నిద్రాభంగం కాకుండా వంటింట్లో స్టూలు మీద కూర్చున్నాను. చేతిలో ఫోను. ఎందుకంటారా? ఒక పెద్ద హీరోగారి కాల్షీట్లు ఖరారయ్యే ముహూర్తం అది!

హీరో పేరు కెవిన్‌ డ్యురాంట్‌. దాదాపు ఏడడుగుల మనిషి. బాస్కెట్‌బాల్‌ బుట్ట ఎంత దూరంలో ఉన్నా, ఎదురుగా ఎవరున్నా, చెయ్యెత్తి బంతి వదిలాడంటే చూసేవాడు నోరు తెరవాల్సిందే. ఆయనతో బాటు కైరీ ఇర్వింగ్‌. బంతిని వేళ్లకి దారం కట్టి ఆడించినట్టు ఆడించే సోగ్గాడు. ఈ జంట మా న్యూయార్క్‌ నిక్స్‌ టీమ్‌కి వచ్చేస్తోందని ఆర్నెల్లుగా ఒకటే వదంతి. నిక్స్‌ వారి నారింజ, నీలం రంగుల బనీను డ్యురాంట్‌కి తొడిగేసి ఊహాచిత్రాలు కూడా వేసేసుకున్నారు అభిమానులు. నేనూ ఒకటి ఫోన్లో దాచుకున్నాను. దాచడమెందుకు?

వార్త వచ్చింది. ఇద్దరూ న్యూయార్క్‌కే వస్తున్నారట. కాని నిక్స్‌కి కాదు! అదే ఊళ్లో, ఏటి అవతల ఒడ్డున ఉన్న బ్రూక్లిన్‌ నెట్స్‌కి!

పెళ్లికొడుకు ఊళ్లోకి వచ్చాడు, మేళాలు మోగాయి, పల్లకీ మన గుమ్మం ముందునుంచే సాగిపోయి పక్క వీధిలో ఆగింది... ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. వచ్చిన నిద్ర మళ్లీ పోదు, పోయిన నిద్ర మళ్లీ రాదు. స్టూలు మీదే తెల్లారింది నాకు.

కాంట్రాక్టు తీరిన కథానాయకుడు

బాస్కెట్‌బాల్‌ గొడవ మాకెందుకంటారేమో. ఒక్క నిమిషం ఆగండి. ఇది మన సినిమా గొడవే!

విజయా సంస్థవాళ్లు ఎన్‌.టి.రామారావుగారిని నెలజీతం మీద కాంట్రాక్టు పెట్టుకున్న రోజుల గురించి మీరు వినే ఉంటారు. కాంట్రాక్టు ఉన్నన్నాళ్లూ హీరో ఆ కంపెనీ మనిషి. అది తీరిపోయిందా, ఏ నిర్మాత గుమ్మమైనా ఎక్కవచ్చు. అమెరికా బాస్కెట్‌బాల్లో అలా కాంట్రాక్టు తీరి, ఎవరితోనైనా మాట్లాడుకునే స్వేచ్ఛ వచ్చిన ఆటగాడే ‘ఫ్రీ ఏజెంట్‌’. ఏటా సీజను ముగిశాక వేసవిలో ఈ బేరాల సంత మొదలవుతుంది. మొదటి కొద్దిరోజులూ నోటిమాటే, సంతకాలు కుదరవు. మనవైపు తాంబూలాలు పుచ్చుకోవడం లాంటిదన్నమాట.

ఈ స్వేచ్ఛ ఊరికే రాలేదు. ఒకప్పుడు కాంట్రాక్టు తీరినా ఆటగాడు పాత టీమ్‌ సొత్తే. ఆస్కార్‌ రాబర్ట్‌సన్‌ అనే మహా ఆటగాడు, ఆటగాళ్ల సంఘానికి అధ్యక్షుడుగా ఉంటూ 1970లో కోర్టుకెక్కాడు. 1976లో రాజీ కుదిరింది. ఏ అడ్డూ లేకుండా ఇష్టమైన టీమ్‌కి వెళ్లిన మొదటి ఆటగాడు టామ్‌ ఛాంబర్స్‌. సియాటిల్‌ నుంచి ఫీనిక్స్‌కి వెళ్లాడు. అది 1988లో! అంటే కోర్టుకెక్కిన పద్దెనిమిదేళ్లకి. ఇవాళ హీరోగారు మా ఇంటికి రాలేదని ఏడ్చే నాలాంటివాడు ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. పెట్టుకుంటాం... మర్నాడు.

ఇంకో చిక్కుంది. టీమ్‌ దగ్గర డబ్బుంది కదా అని ఇష్టమొచ్చినంత ఖర్చు పెడితే కుదరదు. జీతాలన్నీ కలిపి ఇంతకు మించకూడదని లీగ్‌ ఏటా ఒక గీత గీస్తుంది. 2019-20కి ఆ గీత దాదాపు 10 కోట్ల 91 లక్షల డాలర్లు. పెద్ద హీరోని తేవాలంటే ముందు ఇల్లు ఖాళీ చెయ్యాలి. అంటే ఉన్న మంచి ఆటగాళ్లని పంపించెయ్యాలి. పంపించేస్తే ఓడిపోతారు. ఓడినన్నాళ్లూ అభిమాని టికెట్టు కొని, కూర్చుని, చప్పట్లు కొట్టాలి. ఎందుకంటే, ‘త్వరలో’ అని పోస్టరు వేశారు కనుక!

ఒక ఫ్రీ ఏజెంట్‌ రాలేదంటే అభిమానికి అంత మంట ఎందుకో ఇప్పుడు తెలిసిందిగా. ఆ ఒక్క సాయంత్రం ఓడిపోయినందుకు కాదు. ఆ సాయంత్రం కోసం అంతకుముందు ఓడిన రాత్రులన్నీ ఒక్కసారిగా లెక్కకొస్తాయి.

చొక్కాతో వచ్చిన అభిమానం

నేను నిక్స్‌ అభిమానినెలా అయ్యానంటే, న్యూజెర్సీలో ఉండే మా మేనమామ ఒకసారి వస్తూ నీలం రంగు బనీను తెచ్చాడు. అంతే! అక్కడ దుకాణంలో వేరే టీమ్‌ బనీను చవగ్గా దొరికి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది.

బనీను తొడుక్కున్నాక తెలిసింది చరిత్ర. నిక్స్‌ 1946 నాటి టీమ్‌. ఆడేది మాడిసన్‌ స్క్వేర్‌ గార్డెన్‌లో. ముందు వరసలో రంగురంగుల బట్టల్లో స్పైక్‌ లీగారు కూర్చుంటారు. అవునండీ, ‘మాల్కం ఎక్స్‌’ తీసిన దర్శకుడే! రిఫరీలతో పోట్లాడతాడు, ఎదుటి టీమ్‌ ఆటగాళ్లతో వాదులాడతాడు. 1994లో ఇండియానా ఆటగాడు రెజీ మిల్లర్‌ ఆయనకేసి చూస్తూ, చెయ్యి చూపిస్తూ ఆఖరి పావు ఆటలో 25 పాయింట్లు కొట్టి నిక్స్‌ని ఓడించాడు. అంత పరాభవం జరిగినా మానేశాడా? మర్నాటి నుంచీ మళ్లీ అదే కుర్చీ! మా వంశానికి మూలపురుషుడు ఆయనే అనుకుంటాను నేను.

అంత ఘనమైన టీమ్‌ కప్పు కొట్టింది 1970లో, 1973లో. ఆ తరవాత 2019 దాకా 46 ఏళ్లు... ఊహూఁ.

టోనీ సొప్రానోని లేపి తెచ్చారు

మొదటి దెబ్బ 2010లో తగిలింది. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ఆ వేసవిలో లెబ్రాన్‌ జేమ్స్‌ ఫ్రీ ఏజెంట్‌ అవుతున్నాడు. ఆ తరంలో అంతటి ఆటగాడు లేడు. ఆ ఒక్కరోజు కోసం నిక్స్‌ రెండేళ్ల ముందు నుంచీ ఇల్లు ఖాళీ చేస్తూ వచ్చింది. 2008 నవంబరులో ఒక్కరోజే జమాల్‌ క్రాఫర్డ్‌ని ఒక టీమ్‌కీ, జాక్‌ రాండాల్ఫ్‌ని ఇంకో టీమ్‌కీ పంపేశారు. 2010 ఫిబ్రవరిలో, ముందు ఏడాదే ఎనిమిదో స్థానంలో ఎంపిక చేసుకున్న కుర్రాణ్ని హ్యూస్టన్‌కి ఇచ్చేశారు. ఆ సీజన్లో గెలిచినవి 29, ఓడినవి 53. ఫరవాలేదు, లెబ్రాన్‌ వస్తాడు!

జూలై 1న నిక్స్‌ పెద్దలు లెబ్రాన్‌ని కలవడానికి క్లీవ్‌లాండ్‌ వెళ్లారు. వెళ్తూ వెళ్తూ ఒక వీడియో తీసుకెళ్లారు. సినీ ప్రియులు ఇక్కడ చెవులు రిక్కించాలి! ‘ది సొప్రానోస్‌’ అనే టీవీ సీరియల్‌ 2007లో ముగిసింది. ఆఖరి దృశ్యంలో తెర ఒక్కసారిగా నల్లబడిపోతుంది. మాఫియా నాయకుడు టోనీ చచ్చాడా, బతికాడా అని ప్రేక్షకులు కొట్టుకు చచ్చారు. మరి నిక్స్‌వాళ్ల వీడియోలో? టోనీ బతికే ఉన్నాడు! గడ్డం పెంచుకుని, పేరు మార్చుకుని భార్యతో న్యూయార్క్‌లో దాక్కున్నాడు. ఆ పాత్రల్లో సాక్షాత్తూ జేమ్స్‌ గాండోల్ఫినీ, ఈడీ ఫాల్కో! ఊళ్లోకి రాబోయే లెబ్రాన్‌కి ఇల్లెక్కడ బాగుంటుందో ఆ దంపతులు మాట్లాడుకోవడమే సీను.

కోట్లమంది చూడాలని తపించిన దృశ్యాన్ని ఒకే ఒక్క ప్రేక్షకుడి కోసం తీశారు. ఆ ప్రేక్షకుడికి అది పనిచెయ్యలేదు! 2013లో గాండోల్ఫినీ కన్నుమూశారు. ఆ ముక్క బయటి ప్రపంచం కంటపడటానికి ఇంకా ఎన్నో ఏళ్లు పట్టింది. సినిమా పత్రికలకి రాసుకునేవాణ్ని కదా, నిక్స్‌ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఫ్లాపు ఇదే.

జూలై 8 రాత్రి లెబ్రాన్‌ తన నిర్ణయాన్ని టీవీలో గంటకు పైగా సాగే ప్రత్యేక కార్యక్రమంగా పెట్టి చెప్పాడు. పేరే ‘ది డెసిషన్‌’. దాదాపు కోటిమంది చూశారు. ప్రకటనల డబ్బు పిల్లల క్లబ్బులకి ఇచ్చారు, అది మెచ్చుకోవలసిందే. కాని చెప్పిన మాట? మయామీకి వెళ్తున్నానని! నిక్స్‌కి అప్పటికే అమారే స్టౌడమైర్‌ వచ్చాడు, అయిదేళ్లకి దాదాపు 10 కోట్ల డాలర్లకి. మంచి ఆటగాడే, కాని అప్పటికే మోకాళ్లు దెబ్బతిన్నవాడు. హీరో కోసం సెట్‌ వేసి, సహాయ నటుడితో షూటింగ్‌ మొదలుపెట్టినట్టయింది.

మాకు నిరాశ సరే, క్లీవ్‌లాండ్‌ సంగతి ఇంకా ఘోరం. లెబ్రాన్‌ వాళ్లింటి పిల్లాడు. పుట్టింది పక్కనే ఉన్న ఆక్రన్‌లో. ఆ రాత్రి వీధుల్లో ఆయన బనీన్లు తగలబెట్టారు. పది అంతస్తుల ఎత్తున గోడమీదున్న ఆయన బొమ్మని దించేశారు. టీమ్‌ యజమాని డాన్‌ గిల్బర్ట్‌ నిప్పులు కక్కుతూ బహిరంగ లేఖ రాశాడు. మయామీకన్నా ముందు మేమే కప్పు కొడతామని శపథం చేశాడు. లీగ్‌ ఆయనకి లక్ష డాలర్ల జరిమానా వేసింది. మయామీ 2012లోనే కప్పు కొట్టింది. 2014లో అదే యజమాని అదే లెబ్రాన్‌ని చేతులు చాచి వెనక్కి తీసుకున్నాడు. 2016లో లెబ్రాన్‌ క్లీవ్‌లాండ్‌కి కప్పు తెచ్చిపెట్టాడు. ఏ పెద్ద ఆటలోనూ 52 ఏళ్లుగా కప్పు చూడని ఊరది. ఊరేగింపుకి పది లక్షలకు పైగా జనం! అందులో ఆ పాత బనీన్లు తగలబెట్టినవాళ్లు ఎంతమందో... కొత్తవి కొనుక్కునే వచ్చి ఉంటారు.

తలుపుకి కుర్చీ అడ్డం

ఇక డల్లాస్‌ కథ. మా పెద్దమ్మగారబ్బాయి అక్కడే స్థిరపడ్డాడు. డల్లాస్‌ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు చెప్పక్కర్లేదు. అన్నయ్య డల్లాస్‌ మావరిక్స్‌కి వీరాభిమాని.

2015 జూలై మొదటి వారంలో డియాండ్రే జోర్డాన్‌ అనే పొడగరి లాస్‌ఏంజెలెస్‌ క్లిప్పర్స్‌ని వదిలి డల్లాస్‌కి వస్తానని మాటిచ్చాడు. తాంబూలాలు అయిపోయాయి. సంతకానికి 9వ తేదీ దాకా ఆగాలి. ఈలోగా పెళ్లికొడుకు మనసు మారింది! 8వ తేదీన క్లిప్పర్స్‌ కోచ్‌, ఆటగాళ్లు హ్యూస్టన్‌లో ఆయన ఇంట్లో దిగిపోయారు. ఎవరెవరు ఎలా బయల్దేరారో విమానం బొమ్మ, కారు బొమ్మ, హెలికాప్టర్‌ బొమ్మ పెట్టి ట్విట్టర్‌లో ఆటలు. బ్లేక్‌ గ్రిఫిన్‌ అయితే తలుపుకి కుర్చీ అడ్డంపెట్టిన ఫొటో వేశాడు, లోపలికెవరూ రాకుండా! డల్లాస్‌ యజమాని మార్క్‌ క్యూబన్‌కి ఆయనతో మాట్లాడే వీలే దొరకలేదు. అర్ధరాత్రి దాటగానే జోర్డాన్‌ పాత టీమ్‌కే సంతకం పెట్టేశాడు.

లోకమంతా పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను, ఫోన్‌ చేసి మరీ.

“నవ్వరా, నవ్వు! నీకూ వస్తుంది రోజు,” అన్నాడు అన్నయ్య.

చమత్కారం చూడండి. ఆ జోర్డానే 2018లో డల్లాస్‌కి ఒక్క ఏడాది ఒప్పందం మీద వచ్చాడు. 2019 జనవరి 31న అతన్ని మా నిక్స్‌కి పంపారు. జూన్‌ 30న డ్యురాంట్‌, ఇర్వింగ్‌లతో పాటు బ్రూక్లిన్‌ వెళ్లిన మూడోవాడు ఎవరనుకున్నారు? అదే జోర్డాన్‌! మా ఇంట్లోనే ఉండి, పల్లకీ వెంట నడిచిపోయాడు.

పోస్టరు ముందు, సంతకం తరవాత

ఇంతకీ 2019లో మేం పోగొట్టుకున్నది డ్యురాంట్‌ని ఒక్కణ్నే కాదు. జనవరి 31న ఆ బేరంలో డల్లాస్‌కి వెళ్లినవాడు క్రిస్టాప్స్‌ పోర్జింగిస్‌. లాత్వియా కుర్రాడు, ఏడడుగుల మూడంగుళాలు. 2015లో అతన్ని ఎంపిక చేసిన రాత్రి నిక్స్‌ అభిమానులు ఈలలేసి గోల చేశారు. ఒక చిన్నపిల్లాడు టీవీ కెమెరా ముందే ఏడ్చాడు. తీరా అతను ఆడటం మొదలుపెట్టాక నెత్తిన పెట్టుకున్నారు. అలాంటివాణ్ని పంపేశారు, ఇద్దరు పెద్ద హీరోలకి చోటు కోసం.

మార్చిలో టీమ్‌ అధిపతి జేమ్స్‌ డోలన్‌ రేడియోలో మాట్లాడుతూ, తాము విన్నదాన్నిబట్టి ఈ వేసవి చాలా విజయవంతంగా ఉంటుందని సెలవిచ్చారు. ఆయన బ్లూస్‌ బాండులో గాయకుడు కూడాను. శ్రుతి ఎక్కడ తప్పిందో! సీజను ముగిసేసరికి గెలుపులు 17, ఓటములు 65. లీగ్‌ మొత్తంలో అట్టడుగు. అంత ఓడితే కొత్త కుర్రాళ్ల ఎంపికలో మొదటి చీటీ దొరకవచ్చు, జయన్‌ విలియమ్సన్‌ రావచ్చునని ఆశ. మే నెలలో లాటరీ తీస్తే వచ్చింది మూడో చీటీ. జూన్‌ 10న డ్యురాంట్‌ కాలి మడమ నరం తెగింది. ఏడాదిపాటు ఆడలేడు. అయినా రానీ, ఎదురుచూస్తాం అన్నారు అభిమానులు. చూశారా, ఎంత పిచ్చో!

జూన్‌ 30 సాయంత్రమే టీమ్‌ అధ్యక్షుడు ఒక ప్రకటన విడుదల చేశారు. కొందరు అభిమానులు నిరాశ చెంది ఉండవచ్చు, మా ప్రణాళిక మీద మాకు నమ్మకముంది అని సారాంశం. ‘కొందరు’ట!

ఇక్కడ నా అభిప్రాయం చెప్పనివ్వండి. డ్యురాంట్‌ మీద నాకు కోపం లేదు. ఆయన ఎన్నడూ వస్తానని మాటివ్వలేదు. ఎక్కడ పనిచెయ్యాలో తేల్చుకోవడం పనిచేసేవాడి హక్కు. నేనూ ఈ పత్రికకీ ఆ పత్రికకీ రాసుకునేవాణ్నే, నాకు తెలీదా? నా మంట అంతా హీరో సంతకం పెట్టకముందే పోస్టరు వేసేసిన నిర్మాత మీద. ఆ ఫిబ్రవరిలోనే ఫోర్బ్స్‌ పత్రిక లెక్కగట్టింది, లీగ్‌లో అన్నిటికన్నా విలువైన టీమ్‌ నిక్స్‌ అని. 400 కోట్ల డాలర్లు! ఆటలో ఆఖరు, ఆస్తిలో ప్రథమం. సినిమా ఎలా ఉన్నా నేల, బెంచీ, బాల్కనీ నిండుతున్నాయంటే నిర్మాతకి కథ గురించి బెంగ దేనికి? గార్డెన్‌లో ‘టీమ్‌ అమ్మెయ్‌’ అనే కేకలు లేచాయంటే లేవవూ?

తరవాతి రీలు

బ్రూక్లిన్‌ ముచ్చట ఏమైందంటారా? 2021 జనవరిలో జేమ్స్‌ హార్డెన్‌ కూడా కలిశాడు. ముగ్గురు హీరోల మల్టీస్టారర్‌! ఆ ఏడాది మిల్వాకీతో చావో రేవో తేలే ఏడో ఆటలో, చివరి క్షణాల్లో డ్యురాంట్‌ బంతి వేశాడు. పడింది! కాని బూటు ముందుభాగం గీత మీదుంది. మూడు పాయింట్లు రావలసిన చోట రెండే ఇచ్చారు. అదనపు సమయంలో ఓడిపోయారు. 2023 ఫిబ్రవరి కల్లా ముగ్గురూ తలో దారి. ఆ కాలమంతటిలో వాళ్లు నెగ్గిన ప్లేఆఫ్‌ పోరు ఒక్కటే. నేను సంతోషించానా? ...సంతోషించాను. అబద్ధమెందుకు!

ఇక నిక్స్‌కి వచ్చిన అసలు ఫ్రీ ఏజెంట్‌ కోసం ఎవరూ పోస్టర్లు వెయ్యలేదు. 2022 జూలైలో వచ్చాడు జేలెన్‌ బ్రన్సన్‌. 2018లో 33వ స్థానంలో ఎంపికైన, ఆరడుగుల రెండంగుళాల మనిషి. నాలుగేళ్లకి దాదాపు 10 కోట్ల 40 లక్షల డాలర్లంటే, ఇంత దండగా అని చాలామంది పెదవి విరిచారు. ఆయన తండ్రి రిక్‌ ఒకప్పటి నిక్స్‌ ఆటగాడు, ఆ వేసవిలోనే సహాయ కోచ్‌గా చేరాడు. ముహూర్తానికి ముందే మంతనాలాడారని తేల్చి, లీగ్‌ నిక్స్‌కి ఒక ఎంపిక హక్కు కోత పెట్టింది. పెట్టనీ! 2024లో మళ్లీ ఒప్పందం రాసుకునేటప్పుడు, ఏడాది ఆగితే ఇంకో 11 కోట్ల 30 లక్షలు ఎక్కువ వచ్చేవే అయినా, వదులుకుని సంతకం పెట్టాడు. 2025లో, పాతికేళ్ల తరవాత, నిక్స్‌ని తూర్పు విభాగం ఫైనల్‌కి చేర్చాడు.

బ్రన్సన్‌ ఏ టీమ్‌ నుంచి వచ్చాడో చెప్పలేదు కదూ? డల్లాస్‌ నుంచి! అంతకుముందు సగం సొమ్ముకే ఒప్పుకునేవాడే, వాళ్లే తాత్సారం చేశారట. బదులుగా వాళ్లకి దక్కింది సున్నా. ఆ రోజు అన్నయ్యే ఫోన్‌ చేశాడు.

“పట్టుకుపోయారుగా! ఇప్పుడు నవ్వవేంరా?”

నిజంగానే నవ్వు రాలేదు నాకు.

2025 ఫిబ్రవరి 2, ఆదివారం పొద్దున పదకొండవుతుండగా మళ్లీ అన్నయ్య నుంచి ఫోన్‌. అక్కడ శనివారం రాత్రి పదకొండు దాటింది. లూకా డాంచిచ్‌ని లాస్‌ఏంజెలెస్‌ లేకర్స్‌కి ఇచ్చేశారు! పాతికేళ్ల కుర్రాడు, ముందు ఏడాదే డల్లాస్‌ని ఫైనల్స్‌కి తీసుకెళ్లినవాడు. ఇతను ఫ్రీ ఏజెంట్‌ కాదు. వెళ్తానని అడగలేదు. వెళ్తావా అని ఇతన్నీ ఎవరూ అడగలేదు. ఆటగాడు వెళ్లిపోతే ద్రోహం, టీమ్‌ పంపించేస్తే వ్యాపారం. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ బోధపడదు. తెల్లారేసరికి డల్లాస్‌ అభిమానులు స్టేడియం ముందు, డర్క్‌ నొవిట్స్కీ విగ్రహం దగ్గరికి శవపేటిక తెచ్చి పెట్టారు. ఆ బేరం కుదిర్చిన జనరల్‌ మేనేజర్‌ని అదే ఏడాది నవంబరులో ఉద్యోగం నుంచి తీసేశారు.

ఫోన్లో అన్నయ్య చాలాసేపు ఏం మాట్లాడలేదు. నేనే అడిగాను.

“బనీను ఏం చేశావన్నయ్యా? తగలబెట్టావా?”

“ఛ! బుజ్జిగాడు వేసుకుని పడుకున్నాడ్రా. పొద్దున వాడు లేచాక ఎలా చెప్పాలా అని చూస్తున్నా.”